అందరూ హాజరే

పద్మకుమారి ఉండే వీధిలోకి సిగ్నల్ అడుగు పెట్టదు. కళింగపట్నం ఒడ్డున పడవలు పైకి లాగి పెట్టే చోట ఒక ఇసుకదిబ్బ ఉంది. దాని మీదికి మాత్రం వస్తుంది. అదీ ఒకే ఒక్క కంపెనీది, అదీ గాలి బుద్ధిగా ఉన్నంతసేపు. మూడేళ్ల కిందట, ముప్పై ఆరేళ్ల వయసులో, ఆమె ఆన్‌లైన్ బి.ఏ.లో చేరినప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. "ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చమ్మా, కాలు బయట పెట్టక్కర్లేదు" అని చెప్పి చేర్చుకున్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆమె ఇంట్లో కూర్చుని విన్న పాఠం ఒక్కటి లేదు.

చదువు మీద మోజుతో చేరింది కాదు. ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పదకొండేళ్లుగా ఒకటో తరగతికి అక్షరాలు నేర్పుతోంది. పిల్లల ముక్కులు తుడవడం దగ్గర నుంచి వాళ్ల తల్లులతో తగువుల దాకా అన్నీ ఆమే చూసుకుంటుంది. ఉన్నట్టుండి బడి యాజమాన్యానికి డిగ్రీ గుర్తొచ్చింది. వచ్చే జూన్ నాటికి డిగ్రీ చూపించలేనివాళ్లు బడికి రానక్కర్లేదన్నారు. ఇక మిగిలింది ఆఖరి సెమిస్టరు. పరీక్ష రాయాలంటే హాల్ టిక్కెట్టు కావాలి, హాల్ టిక్కెట్టు రావాలంటే నూటికి డెబ్బై అయిదు హాజరు ఉండాలి. పద్మకుమారికి డిసెంబరు నాటికి యాభై ఎనిమిది ఉంది.

ఈ హాజరు సంగతి కొంచెం చెప్పాలి. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసమని తరగతి పొద్దున్న ఏడింటికే పెట్టారు. పాఠం మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు, ముందస్తు మాటా పలుకూ లేకుండా, ఫోన్ మీద 'హాజరు' అని ఒక పచ్చ బటన్ మెరుస్తుంది. నలభై సెకన్లు ఉంటుంది. ఈలోగా నొక్కితే తరగతికి వచ్చినట్టు. నొక్కకపోతే గంటసేపు చెవులు రిక్కించి విన్నా రానట్టే. నొక్కి ఊరికే నిద్రపోయినవాడు మాత్రం చక్కగా వచ్చినట్టు.

కళాశాల నరసన్నపేటలో ఉంది. విద్యార్థుల ఇబ్బందులు తీర్చడానికి అక్కడ ఒక సహాయ విభాగం పెట్టి, తిరుమలరావు గారిని దానికి అధిపతిని చేశారు. ఆయన చరిత్ర మాస్టారు. ఒకనాడు ప్రిన్సిపాల్ జగన్నాధం గారి ఫోన్ బిగుసుకుపోతే, ఆపి మళ్లీ వెలిగించినందుకు ఈ పదవి దక్కింది. పదవి దక్కాక మనిషి ఊరుకుంటాడా? 'సమస్యలు – పరిష్కారాలు' అని ముప్పై రెండు పేజీల పుస్తకం రాసి పారేశారు. మాట వినిపించకపోతే శ్రద్ధగా వినవలెను. బొమ్మ కదలకపోతే ఓపిక పట్టవలెను. కరెంటు పోయినచో కరెంటు ఉన్న సమయంలోనే తరగతికి హాజరు కావలెను. సిగ్నల్ లేనిచో సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లవలెను. ఇంతా చేసి పుస్తకం అచ్చు వేయలేదు. సిగ్నల్ లేనివాళ్లు యాప్ తెరిచి అందులో చదువుకోవాలి.

ఫోన్ చేసి అడుగుదామా అంటే, తరగతి ఏడింటికి, సహాయ విభాగం పదిన్నరకి. అయినా పద్మకుమారి బడి విరామంలో దిబ్బ దాకా పరుగెత్తి ఫోన్ చేసేది.

"సార్, బటన్ నొక్కినానండి. నొక్కినట్టు పడలేదు."

"పుస్తకం చూశావామ్మా?"

"సూసినాను సార్. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు. తీసేసినాను. ఇప్పుడు ఎక్కడం లేదు."

"ఎందుకు ఎక్కడం లేదు?"

"సిగ్నల్ లేదండి."

"అది తొమ్మిదో సమస్య. నువ్వు మొదట అడిగింది నాలుగోది. ఒక్కోసారి ఒక్కటే అడగాలమ్మా, లేకపోతే మేమెలా సాయం చేస్తాం?"

ఊళ్లో ఆ చదువు చదువుతున్నవాళ్లు మొత్తం ఐదుగురు. ఆటో నడిపే మోహనకృష్ణ, మిషను ఆస్పత్రిలో ఆయాగా చేస్తూ అక్కడి ఆఫీసులో కుర్చీ దక్కాలని కలలు కనే మెర్సీ, మంచు ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు అన్నదమ్ములు, పద్మకుమారి. పొద్దున్న ఏడింటికి ఐదుగురూ దిబ్బ మీద ఐదు దిక్కులకి తిరిగి, ఫోన్లు నెత్తి మీద పెట్టుకుని నిలబడేవాళ్లు. అన్నదమ్ములు ఏడున్నరకి పనికి పోవాలి. మోహనకృష్ణకి బడి పిల్లల్ని దింపే పని. మెర్సీకి వారంలో మూడు రోజులు పొద్దుటి డ్యూటీ. పద్మకుమారికి పొయ్యి మీద అన్నం.

వాళ్ల అవస్థ రోజూ చూసే మనిషి పద్మకుమారి అత్తగారు బుల్లమ్మ. దిబ్బ పక్కనే చేపలు ఆరబెట్టుకుంటుంది. ఆవిడకి నోరు అదుపులో ఉండదు, కళ్లు ఊరుకోవు. ఒకరోజు కవళ్ల చేపలు ఆరబెడుతూ ఆవిడే అంది.

"ఒసే పద్మా, ఏటే ఐదుగురూ అలగ ఆకాశమేసి సూస్తన్నారు? అలివి వల లాగడం ఎప్పుడూ సూడనేదేటి? ఒకడికి జొరమొస్తే ఇంకోడు వాడి సోట తాడు పట్టడా? పాలు మటుకు జొరమొచ్చినోడి ఇంటికే ఎల్తాది కదే!"

అలివి వల అంటే ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ దింపి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెస్తారు. ఇటొక వరస, అటొక వరస జనం నిలబడి లాగుతారు. లాగిన ప్రతి ఇంటికీ చేపల్లో పాలు ఉంటుంది. జ్వరపడ్డవాడి చోట అన్నో బావో నిలబడితే, ఆ పాలు జ్వరపడ్డవాడి గుమ్మానికే వెళుతుంది. దాన్ని ఆ ఒడ్డున ఎవడూ మోసమనడు. వల ఒడ్డుకొచ్చిందా లేదా అన్నదే అక్కడ లెక్క.

పద్మకుమారి ఆ రాత్రే వంతులు వేసింది. రోజుకి ఒక్కరే దిబ్బ ఎక్కాలి. అందరిలోకీ సిగ్నల్ బాగా పట్టే మోహనకృష్ణ ఫోన్ నుంచి మిగతా నాలుగింటికీ నెట్ ఇవ్వాలి. ఐదు ఫోన్లూ బుల్లమ్మ చేపల తట్టలో వరసగా పెట్టుకుని, ఎవరి వంతైతే వాళ్లు పాఠం వినాలి, రాసుకోవాలి, పచ్చ బటన్ మెరవగానే ఐదూ నొక్కాలి. సాయంత్రం అందరూ పద్మకుమారి అరుగు మీద చేరితే, పొద్దున్న విన్నవాళ్లు మిగతా నలుగురికీ ఆ పాఠం చెప్పాలి. సరిగ్గా చెప్పలేకపోతే మర్నాడు కూడా వాళ్లదే వంతు. ఈ ఆఖరి షరతుకి అన్నదమ్ములిద్దరూ హడలిపోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి శ్రద్ధగా చదివారు. ఎవరితోనూ పెదవి విప్పని మెర్సీ మొగలుల పన్నుల గురించి చెబుతుంటే బుల్లమ్మ కూడా వచ్చి కూర్చునేది.

"అంత పన్నేసినాడంతావు, ఆ సొమ్మంతా ఏటి సేసినాడమ్మీ?"

"కోటలు కట్టినాడు పిన్నీ."

"మరి పన్ను కట్టినోల్లకేటి కట్టినాడు?"

ఆ ప్రశ్నకి జవాబు పాఠంలో లేదని మెర్సీ ఒప్పుకుంది. ఇంటర్నల్ పరీక్షల్లో కళాశాల మొత్తం మీద మొదటి ఆరు స్థానాల్లో నాలుగు కళింగపట్నానివే. హాజరు మాటకొస్తే ఫిబ్రవరికల్లా ఐదుగురికీ ఎనభై దాటింది.

ఇక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ కళాశాల నాణ్యత చూడ్డానికి బయటి నుంచి ఒక బృందం వస్తోందని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ గారు ఒక ప్రకటన పెట్టారు. విద్యార్థులు తమ సమస్యలకు తాము కనిపెట్టుకున్న పరిష్కారాలు రాసి పంపవలెను, ఉత్తమమైన దానికి ప్రశంసాపత్రం. పద్మకుమారి తెల్లకాగితం తీసి మొత్తం వ్యవహారం దాచకుండా రాసింది. తట్ట, వంతులు, ఐదు బటన్లు, సాయంత్రం అరుగు, అన్నీ. చివర ఐదుగురి పేర్లూ పెట్టింది. మోహనకృష్ణ చదివి తల గోక్కున్నాడు.

"వదినా, ఇది పంపితే మన మెడకే సుట్టుకుంటాది."

"దాసడానికి మనమేటి దొంగతనం సేసినామా? పాఠం విన్నాం, నేర్సుకున్నాం, మార్కులొచ్చినాయి. ఇంకో ఊళ్లో ఎవులైనా మనలాగే దిబ్బెక్కి సస్తన్నారేమో, వాల్లకి పనికొస్తాది కదా."

అంత మంచి మనసుతోనే పంపింది. ప్రశంసాపత్రం వస్తే ఏ గోడకి తగిలించాలా అని కూడా చూసుకుంది.

పది రోజులకి ప్రశంసాపత్రం బదులు నోటీసు వచ్చింది. 'హాజరు దుర్వినియోగం' అని పైన పెద్ద అక్షరాలు. ఐదుగురి హాజరూ రద్దు. హాల్ టిక్కెట్లు నిలిపివేత. గురువారం పదకొండింటికి ఐదుగురు సభ్యుల విచారణ కమిటీ ఆన్‌లైన్‌లో సమావేశమవుతుంది, ఐదుగురు సభ్యులూ హాజరైతేనే నిర్ణయం చెల్లుతుంది. విద్యార్థులు అందరూ మాట్లాడరాదు, ఐదుగురి తరఫునా ఒక్కరే మాట్లాడవలెను. పరీక్షలకి మూడు వారాలుంది.

పద్మకుమారికి రెండు రోజులు ముద్ద దిగలేదు. తన ఉద్యోగం పోతే పోయింది, మిగతా నలుగురి మూడేళ్ల చదువూ తన చేతి రాతతో కాల్చేసింది. మోహనకృష్ణ 'నాను సెప్పలేదేటి' అని ఒక్క మాట అని ఉంటే కొంత నయంగా ఉండేది. అనలేదు. మెర్సీ అయితే చర్చిలో ఆమె కోసం ప్రార్థన చేయించి వచ్చింది. పద్మకుమారికి ఏడుపు ఆగలేదు. ఏడుపయ్యాక కోపం వచ్చింది. చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుని బట్టీ పట్టింది. అరుగు మీద చెప్పుకున్న పాఠాలు, మార్కులు, వల, పాలు, అన్నీ వరసగా చెబుతుంది. ఐదుగురు పెద్దమనుషులు కూర్చుని వింటే ఒక్కరికైనా అర్థం కాకపోదు. అది ఆమె నమ్మకం.

గురువారం పొద్దున్న గాలి విసురుగా ఉంది. దిబ్బని నమ్ముకోలేక బడికి సెలవు పెట్టి నరసన్నపేట బస్సెక్కింది. కళాశాలలో వైఫై ఉంటుంది కదా, ఏ మూలో కూర్చుని మాట్లాడొచ్చు అనుకుంది. నడవాలో ఒక బెంచీ దొరికింది. ఎదురుగా ఉన్న గది తలుపు మీద కాగితం అంటించి ఉంది: 'విచారణ జరుగుచున్నది. లోపలికి రాకూడదు.' పద్మకుమారి పైట సర్దుకుని, పదకొండింటికి ఫోన్‌లో సమావేశంలోకి వెళ్లింది.

తెర మీద ఐదు గళ్లు వచ్చాయి. ఒక గడిలో తిరుమలరావు గారి నుదురు ఉంది. మిగతా నాలుగూ నల్లగా ఉన్నాయి, కింద ప్రిన్సిపాల్ గారితో సహా నలుగురి పేర్లు.

"కమిటీ సభ్యులందరూ హాజరయ్యారు" అంది నుదురు. "నెట్‌వర్క్ కారణంగా కెమెరాలు ఆపుకున్నారు. అమ్మా, వినిపిస్తోందా?"

"వినిపిస్తన్నాది సార్. నమస్కారమండి."

ఎదురుగా ఉన్న తలుపు వెనక నుంచి ఐదు నమస్కారాలు వినిపించాయి. ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఆమె గొంతుతోనే. ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా ఒక కూత. తిరుమలరావు గారు "ఎవరక్కడ, సైలెంట్!" అని అరిస్తే ఆ అరుపు కూడా ఐదుసార్లు వచ్చింది.

పుస్తకంలో ఇది ఆరో సమస్య. ప్రతిధ్వని వచ్చినచో, ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన ఫోన్లను దూరం జరపవలెను. పద్మకుమారికి ఆ పుస్తకం కంఠతా వచ్చు. ఒకే గదిలో ఐదు ఫోన్లెందుకున్నాయా అని ఒక్క నిమిషం ఆలోచించి, లేచి తలుపు తోసింది.

లోపల పొడుగాటి బల్ల. బల్ల మీద పుస్తకాలకి ఆనించి ఐదు కొత్త ట్యాబ్‌లు. ఒక్కోదాని ముందు ఒక చీటీ, చీటీ మీద ఒక పేరు, పేరు కింద పాస్‌వర్డ్. కుర్చీలు ఐదున్నాయి, మనిషి మాత్రం తిరుమలరావు గారొక్కరే.

"రాకూడదని రాశాం కదమ్మా!" ఆయన సగం లేచారు.

"ప్రిన్సిపాల్ గారు ఏరండి?"

"ఇక్కడే ఉన్నారు. ఆన్‌లైన్‌లో" అని ఆయన రెండో ట్యాబ్ వైపు చెయ్యి చూపించారు.

ఆ మాట పూర్తవుతుండగానే ఐదు తెరల మీదా పచ్చ బటన్ మెరిసింది. అన్ని సమావేశాలూ ఆ యాప్‌లోనే జరగాలని ప్రిన్సిపాల్ గారే ఆర్డరు వేశారు, సమావేశం మొదలవగానే ఒకసారి, ఆ పైన నాలుగైదు నిమిషాలకోసారి అది అందర్నీ హాజరు అడుగుతుంది. తిరుమలరావు గారు బల్ల మీదికి వంగి ఒకటి నొక్కారు, రెండోది నొక్కారు, మూడోదానికి కళ్లజోడు జారి బల్ల కింద పడింది. జోడు వెతికి పెట్టుకునేసరికి మిగతావి మాయమయ్యాయి. సభ్యులు లేనందున సమావేశం ముగిసినది అని తెర మీద పడింది.

"పదింటి నుంచి పెట్టి సూసుకుంటన్నాను, ఇది మూడోసారి!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆఫీసు తెలుగు ఎటు పోయిందో పోయింది. "కొత్తవలసలో ప్రిన్సిపాల్ గారి బామ్మర్ది కూతురి పెల్లమ్మా. పొద్దున్నే నలుగురూ ఒకే కారెక్కి పోనారు. నన్నొక్కడినే ఒగ్గేసినారు. ఒంటిగంటకల్లా రిపోర్టు ఆ బృందానికి అందాల. ఐదు పెట్టుకుని ఒక మనిషి ఎన్నని నొక్కుతాడు?"

పద్మకుమారికి జాలేసింది. ఐదు ఫోన్లతో ఒంటరిగా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? "అలగ దూరం దూరంగా పెట్టకూడదు సార్. మోచెయ్యి కదపకుండా అందాల" అంటూ ట్యాబ్‌లన్నీ తన ముందుకి జరిపి వరసగా పేర్చింది. మైకులు కట్టేసి కూత ఆపింది. తిరుమలరావు గారు బుద్ధిగా చూస్తూ కూర్చుని, నాలుగోసారి సమావేశం మొదలుపెట్టారు.

అప్పుడు కనిపించింది ఆమెకి, ఆయన మోచేతి పక్కన టైపు చేసిన కాగితం. ఆ రోజు తారీకే ఉంది. 'సభ్యులు విద్యార్థిని వాదన విని, నేరం రుజువైనదని ఏకగ్రీవముగా తీర్మానించి, ఐదుగురికీ హాల్ టిక్కెట్లు నిరాకరించడమైనది.' విచారణ ఇంకా మొదలవలేదు, తీర్పు అప్పుడే సంతకానికి సిద్ధంగా ఉంది. పద్మకుమారికి ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు తిండి మానేసి బట్టీ పట్టింది ఈ నాలుగు నల్ల గళ్లకి వినిపించడానికా?

పచ్చ బటన్లు మెరిశాయి. తిరుమలరావు గారు ఆశగా ఆమె వైపు చూశారు. పద్మకుమారి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"నొక్కమ్మా!"

"నొక్కితే దుర్వినియోగం కదా సార్?"

"ఇది... ఇది వేరమ్మా."

"ఎలగ వేరు సార్? మేం పాఠం విన్నాం. ఈల్లు అదీ వినలేదు."

రాజ్యాలు ఎందుకు కూలాయో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మాస్టారు ముందు తలుపు వైపు, తర్వాత తెరల వైపు చూశారు. సెకన్లు తరుగుతున్నాయి. "ఏటి కావాలమ్మా నీకు?" అన్నారు గొంతు తగ్గించి.

"ముందు ఆ కాగితం సింపండి."

చింపారు. పద్మకుమారి వేలు ఐదు తెరల మీదా వరసగా నడిచింది, చూడకుండానే. కమిటీ యావత్తూ హాజరైంది.

తిరుమలరావు గారు చెమట తుడుచుకుని కొత్త కాగితం టైపు చేస్తూ పైకి చదివారు. "ఐదుగురు సభ్యులూ విద్యార్థిని వాదన సాంతం విని, సుదీర్ఘంగా చర్చించి, జరిగినది సాంకేతిక లోపమేనని, హాజరు యథాతథంగా ఉంచి హాల్ టిక్కెట్లు జారీ చేయవలెనని..."

"సార్, నా వాదన నాను ఇంకా సెప్పలేదండి."

"బాగా చెప్పావమ్మా."

"లేదు సార్, రాసుకొచ్చినాను. రెండు నిమిషాలు. అలివి వల లాగేటప్పుడు మావోల్లు..."

"అమ్మా, మళ్లీ బటనొచ్చింది, చూడు చూడు!"

ఆమె చూసింది. నొక్కింది. తీర్మానం వెళ్లిపోయింది, సమావేశం ముగిసింది. 'అందరూ హాజరే' అని తెర మీద పచ్చగా పడింది. తిరుమలరావు గారు ట్యాబ్‌లు బీరువాలో పెట్టుకుంటూ, భోజనాలకైనా కొత్తవలస అందుకోగలనా అని గడియారం చూసుకున్నారు.

బస్సులో పద్మకుమారి తను రాసుకున్న కాగితం తీసి మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది. బాగానే రాసింది. ఐదుగురూ పరీక్ష రాస్తారు, జూన్‌లో తన ఉద్యోగం తనకుంటుంది, సంతోషించాలి. కానీ లోపలంతా చేదుగా ఉంది. నిజం రాసి పంపితే నేరమైంది, అబద్ధానికి వేలు అరువిస్తే పని జరిగింది. నిజం రాసిన ఈ కాగితం మాత్రం ఎవరికీ అక్కర్లేకుండా తన చేతిలోనే ఉంది.

ఊళ్లో దిగేసరికి బుల్లమ్మ చేపలు వదిలేసి ఎదురొచ్చింది.

"ఏటన్నారే?"

"హాల్ టిక్కెట్లు ఇస్తారట అత్తా. ఐదుగురికీ."

బుల్లమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అంతలోనే కోడలి మొహం చూసి దగ్గరకొచ్చింది. "మరి అలగున్నావేటే? నిజం సెప్పినావా నేదా వాల్లకి?"

"సెప్దామనే ఎల్లినాను అత్తా" అంది పద్మకుమారి. "ఇనడానికి ఒక్కడూ రానేదు."